పలమనేరు చుక్క

"ఊరిబిండిలో ఉప్పు సాల్లేదు మే ఉదయా. ఆ కంప్యూటర్లో పెట్టే మనసు రవ్వంత ఈడ పెట్టుంటే..." అని ప్రసూనాంబ ఆపేసింది. అత్తగారి మాటలు సగంలోనే ఆగుతాయి. మిగతా సగం కోడలు పూరించుకోవాలి.

ఉదయలక్ష్మి ఆ పచ్చడిలో ఉప్పు కలిపి, చేయి కడుక్కుని, భోజనాల బల్ల చివర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కిటికీ అవతల అలిపిరి కొండ మంచులో సగం కరిగిపోయి ఉంది. రేణిగుంటలో వినికిడి లేని పిల్లలకు బడి నడిపే ఒక ట్రస్టు కోసం ఆమె దాతల వివరాలన్నీ క్లౌడ్‌లో ఒకచోట చేర్చే వేదిక కడుతోంది. ఎవరు ఇస్తున్నారో, ఎవరు ఆగిపోయారో అది చెబుతుంది. ఆగిపోయినవాళ్లను పేరు పెట్టి పలకరిస్తుంది కూడా. అందులోని మ్యాపు మీద ఒక్కో దాత ఒక్కో వెలుగు చుక్క. బట్టలు ఆరేస్తున్నా ఆమె కళ్ల ముందు ఆ చుక్కలే కదిలేవి, తెల్లవారకముందు కొండదారి దీపాల్లాగా.

"ఇంట్లో కూచోని సుక్కలు పెడతా ఉండావు. అదే వాకిట్లో పెడితే మా అమ్మకు ముగ్గు పనైనా తప్పుతాది" అని భర్త మునిశేఖర్ ఒకసారి నవ్వాడు.

పలమనేరులో ఉదయ అమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ పటంలో నేనూ ఉంటానా పాపా?" అని నాయన ఫోన్లోంచి అడిగింది. అమ్మకు వేరే ఫోన్ లేదు. ఎర్రావు సాయంత్రం పాలు ఆ పిల్లలవని ఆమె మొక్కు. పాలకేంద్రం వాళ్లిచ్చిన దాంట్లోంచి ఆ భాగం తీసి, ప్రతి నెలా ట్రస్టుకు పంపేది. "వాళ్లకు నీ పేరు సెప్పినా యినపడదు లే మునెమ్మా" అని నాయన ఎగతాళి చేసేవాడు. ఆ ఇంట్లో అమ్మను ఎవరైనా బాగున్నావా అని అడిగినట్టు ఉదయకు గుర్తులేదు.

కార్తీకం వానల్లో అమ్మ పోయింది. అప్పటినుంచి ఉదయ పలమనేరు చుక్కను తాకలేదు. ఈరోజు పని ట్రస్టుకు అప్పగించాలి. తాకింది.

మునికృష్ణ, అని వచ్చింది. నాయన పేరు. అమ్మ లేదు.

వేరే ఎవరూ చెరపలేదు. చెరిపింది తనే. "ఇంటి యజమాని పేరుతోనే రసీదు రాయడం మా ఆనవాయితీ అమ్మా. ఒకే ఫోన్ నంబరుంటే ఒకే దాత" అని ట్రస్టు కార్యదర్శి సుబ్రమణ్యం మొదట్లోనే చెప్పాడు. ఆ నియమాన్ని తన చేతులతోనే రాసింది. నాయన ఇచ్చింది ఒక్కసారే, బడి వార్షికోత్సవంలో శాలువా కప్పించుకున్న రోజు. అదీ అమ్మ పాల డబ్బే. ఆ ఒక్కసారిలోకి అమ్మ ఇచ్చిన ఇన్నేళ్లూ కలిసిపోయాయి.

ఏదో తోచి తన పేరు కొట్టి చూసింది. సంపాదనలోంచి తనూ నెలనెలా ఇస్తుంది. 'ఈ పేరుతో దాత లేరు' అంది, తను కట్టిన వేదిక. భర్త నంబరు ఇచ్చినట్టు అప్పుడు గుర్తొచ్చింది.

సుబ్రమణ్యానికి ఫోన్ చేసింది. "పేర్లు కలిపే నియమం తీసేస్తున్నాను సార్. రేపు అప్పగిస్తాను."

"అయ్యో, ఆలస్యమైతే కమిటీవాళ్లు బిల్లులో కోత పెడతారమ్మా. ఇంటికి ఒక సుక్క సాలదా?"

"ఇచ్చినవాళ్లకు ఒకటి సార్. కోత పెట్టుకోనీండి."

పక్క గదిలోంచి మునిశేఖర్ వచ్చాడు. "అత్తమ్మ పోయింది గదా. ఇప్పుడు పేరుతో ఏం పని? ఎవురు సూస్తారు?"

వంటింట్లో కుక్కర్ కూసింది. ఉదయ లేవలేదు.

"స్టవ్ ఆపండి" అంది.

అతను వంటింట్లోకి వెళ్లాడు. ఏ మీట తిప్పాలో తల్లిని అడుగుతున్నాడు.

ఆమె నియమం తీసేసింది. కాసేపు మ్యాపు చీకటైంది. తర్వాత నగరిలో, చిత్తూరులో, పీలేరులో పాత చుక్కల పక్కనే కొత్త చుక్కలు ఒక్కొక్కటిగా వెలిగాయి, ఇంతసేపూ తలుపు వెనక నిలబడి ఉన్నట్టు. తిరుపతిలో ఒకటి తనది. పలమనేరులో ఒకటి మినుకుమంది. మునెమ్మ.

'ఈ దాత ఆగిపోయారు. పలకరించాలా?'

ఉదయ నాయన నంబరు తీసేసి, ఆ చోట తన నంబరు రాసింది. 'అవును' నొక్కింది.

ఊరిబిండి గిన్నె పక్కన ఆమె ఫోన్ మెల్లగా వణికింది.

'మునెమ్మ గారూ, బాగున్నారా?'