తొంభై ఐదు దగ్గర ఆగిన అంకె

ఏప్రిల్ మధ్యాహ్నం మా రాజధాని వాగడూగులో గాలి కూడా నీడ వెతుక్కుంటుంది. మా రేకుల గదిలో పంకా తిరుగుతోంది, ఉన్న వేడినే తిప్పుతోంది. అక్క మరియెటు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫుట్‌బాల్ వీడియో గేమ్ పోటీలో అది చివరి మ్యాచ్; ఇక్కడ గెలిస్తేనే దేశం తరఫున పొరుగు దేశంలోని అబిజాన్‌కు ప్రయాణం.

తెర మూలన ఒక అంకె వెలుగుతోంది. యంత్రం గుండెలో ఎన్ని డిగ్రీల వేడి పుట్టిందో చెప్పే అంకె. దాన్ని అక్కడ పెట్టినవాడు పక్క కొట్లో రిపేర్లు చేసే నెబియే. అతను గురున్సి, మేము బిస్సా. ఎదురుపడితే ఎగతాళి చేసుకోవడం మా తెగలకు తాతలిచ్చిన హక్కు; కోపగించుకోవడమే తప్పు.

"ఏమే వేరుశనక్కాయల రాణీ, గెలిస్తే నీ యజమానినైన నాకో బస్తా పంపు," అన్నాడు గుమ్మంలోంచి.

"కుక్కతలలు తినేవాళ్లకి శనక్కాయలు అరుగుతాయా అన్నా? నోరు మూసుకుని అంకె చూడు."

ఎనభై. ఎనభై ఎనిమిది. తొంభై నాలుగు. నేను విసనకర్ర అందుకుని ల్యాప్‌టాప్‌కి విసరసాగాను. అక్క రెండు గోల్స్ కొట్టింది, ఒకటి ఇచ్చింది. అంకె తొంభై ఐదుకు చేరి, అక్కడే నిలిచింది.

"ఆగింది! ఇంక ఎక్కదు," అంది అక్క. నా చేతికీ ఊపిరి వచ్చింది.

నెబియే నవ్వలేదు. వంగి, దాని కింద ఉన్న చిన్న అంకెను చూపాడు.

"ఇది యంత్రం పనిచేసే వేగం. మొదట్లో నాలుగు గిగాహెర్ట్జ్. ఇప్పుడు రెండున్నర. అదిగో, రెండు."

"అయితే?"

"వేడి తగ్గలేదు తల్లీ. అంతకు మించితే కాలిపోతానని తనే పరుగు తగ్గించుకుంటోంది. అందుకే ఆ తొంభై ఐదు కదలట్లేదు."

"ఏదో ఒకటి చెయ్యి మరి!"

"దుమ్ము నిన్ననే దులిపా. అడుగు ఎత్తి పెట్టా. పీల్చేది ఈ గది గాలే కదా, ఇదే నలభై మూడు. చెడిపోతే బాగుచేసేవాణ్ణి. ఇది చెడలేదు."

నేను తడిగుడ్డ తెచ్చాను. "వద్దు! నీళ్లు లోపలికి పోతే అసలుకే మోసం," అన్నాడు. గుడ్డ నా కాళ్లమీద కారుతూ ఉండిపోయింది.

"కాసేపు ఆపమని పోటీ నడిపేవాళ్లని అడగవే అక్కా," అన్నాను.

"ఆపితే ఓడినట్టే."

తెర తడబడసాగింది. అక్క వేలు సరైన క్షణంలోనే పడుతోంది. తెరమీది ఆటగాడు మాత్రం ఆలోచించుకుని కదులుతున్నాడు. బోబో ఊరి నుంచి ఆడుతున్న ప్రత్యర్థి లెక్క సమం చేశాడు. చివర్లో అతను మళ్లీ తన్నాడు. అక్క నొక్కింది. బంతి వలలో పడ్డాక మా గోల్‌కీపరు దూకాడు.

మ్యాచ్ ముగిసింది. అక్క చేతులు మీటలమీదే ఉన్నాయి. యంత్రాన్ని ఇక అడిగేదేమీ లేదు గనుక అంకె దిగసాగింది.

"ఎనభై రెండు," అన్నాడు నెబియే, ఏదో ఒకటి అనాలి గనుక. "డెబ్బై... అరవై ఆరు."

అంకెలు చదవడం ఆపమని మేమెవరమూ అనలేదు.