అరువు గొంతు

గొంతు పోయిన భర్త కోసం ఆమె ఉప్పు నీళ్లు కాచి గ్లాసులో పోస్తుంటే, వెనక నుంచి ఆయన మాట గాలిలా వచ్చింది. "పదింటికి క్లాసుంది. నువ్వూ రా. నేను చెవిలో చెప్తాను, నువ్వు పైకి చెప్పు."

ఆయన కాలేజీలో ప్రాచీన గ్రీకు చెప్తాడు. ఆమె కూడా ఆయనతోపాటు అదే చదివింది, మార్కుల్లో ఓ మెట్టు పైనే. పెళ్లయ్యాక ఆ చదువు ఆయన పాఠాలకు వాక్యాలు అల్లడానికి పనికొచ్చింది. "కూర తరుగుతూ నాలుగు ఉదాహరణలు చెప్పు" అనేవాడు. చెప్పేది. మర్నాటికి అవి ఆయన సొంతమైపోయేవి. ఆమెకు ఒళ్లు మండేది. పైకి మాత్రం ఉప్పు సరిపోయిందా అని అడిగేది. అత్తగారైతే చుట్టాల ముందు మురిసిపోయేది: "మా కోడలు చదువుకుంది కాబట్టే ఇల్లు ఇంత పద్ధతిగా ఉంచుతోంది."

క్లాసులో ఆయన కుర్చీ పక్కన నిలబడింది. ఆ రోజు పాఠం పార్టిసిపుల్స్, అంటే తెలుగులో 'చదివి', 'చదువుతూ' లాంటి క్రియారూపాలు. ఆయన రూపాల పట్టిక గుసగుసగా అందిస్తుంటే ఆమె వల్లించింది. మొదటి వరుసలో అమ్మాయి తల పట్టుకుంది.

"రూపాలు వచ్చు మేడమ్. వాక్యంలో కనబడితేనే బుర్ర తిరిగిపోతోంది."

"పట్టిక మళ్లీ చెప్పు," అని ఆయన గొణిగాడు. ఆమె చెప్పలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది.

"ముందు అసలు క్రియ పట్టుకోమ్మా. తర్వాత పార్టిసిపుల్ చివరి అక్షరాలు చూడు, అది ఎవరికి చెందిందో తెలుస్తుంది. ఆపైన ఈ రెంటికీ సంబంధం ఏమిటని నువ్వే అడగాలి. అప్పుడా, ఆ తర్వాతా, అందువల్లా, అయినా సరేనా? చాలాసార్లు ఆ ముక్క గ్రీకులో రాసి ఉండదు. చదివేవాళ్లే తేల్చుకోవాలి."

గ్రీకులో చిన్న వాక్యం రాసింది. చదువుకోవడం అందులో పార్టిసిపుల్, ఇంట్లో కూర్చోవడం అసలు క్రియ.

అమ్మాయి బోర్డుకేసి కాసేపు చూసింది. "ఆవిడ చదువుకుని కూడా ఇంట్లో కూర్చుంది. అంతేనా మేడమ్?"

అత్తగారి 'చదువుకుంది కాబట్టే' గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ మాటకు తలూపినందుకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అంతేనమ్మా," అంది. ఆ మాట చివరి బెంచీ దాకా వినబడింది. గంట కొట్టేదాకా మళ్లీ కుర్చీ వైపు చూడలేదు.

ఇంటికి నడుస్తూ ఆయన విసుక్కున్నాడు. "నీ సొంత తెలివి ఎవడడిగాడు? రేపు నేను చెప్పిందే చెప్పు."

ఆమె నడక ఆపలేదు.

"రేపు మీరు రావద్దండీ, గొంతుకి విశ్రాంతి ఇవ్వండి. ఈ క్లాసు నాకే ఇమ్మని మీ ప్రిన్సిపాల్ గారిని అడగబోతున్నాను."