పలకల బంట్రోతు కుడిచెయ్యి

మధ్యాహ్నం గంట కొట్టగానే ఫెలిజ్మీనా కుంచెలు కడిగి, బల్ల మూల కాస్త చోటు చేసుకుని, రొట్టె, కాల్చిన సార్డీన్ చేప తింటుంది. చెల్లెలు పోయినప్పటి నుంచీ ఎదురుగా కూచునే మనిషి లేదు. గోడలకి అతికించే రంగు పలకల కార్ఖానా అది. మగవాళ్లంతా కలిసి కాఫీ దుకాణానికి పోతారు. ఆమెను రమ్మనరు, వద్దనీ అనరు. ఆమె గీసిన పలకల మీద మాత్రం యజమాని అన్సెల్ము సంతకం ఉంటుంది.

ఆ రోజు వీధి చివర మేడ నుంచి పిలుపొచ్చింది. అక్కడ మెట్ల మొదట్లో, గోడ మీద నీలి పలకలతో చేసిన నిలువెత్తు బంట్రోతు ఉంటాడు. వచ్చినవాళ్లని కుడిచేత్తో పైకి రమ్మంటాడు. చెమ్మకి ఆ చెయ్యి ఊడి ముక్కలైంది. అప్పటినుంచి ఎవరి కాలూ మొదటి మెట్టు మీదికి లేవదు. డాక్టరూ, పాదిరీ కిందనుంచే కేకేసి పోతారు. ఇంటావిడ గియొమార్ కిటికీలోంచి తాడుకట్టిన బుట్ట దించి సరుకులు లాక్కుంటుంది. ఆవిడ దిగొచ్చు. దిగితే మళ్లీ ఎక్కడం కుదరదు.

"మా మేనల్లుడు నేను దిగడం కోసమే కాచుకున్నాడు," అంది గియొమార్ కిటికీలోంచి. "నేను దిగితే ఇల్లు హోటలువాళ్లకి అమ్మేస్తాడు. మనిషి మొహం దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో తల్లీ."

"పాత చేతి నమూనా కాగితం ఉందా అమ్మగారూ?"

"మా ఆయన దాంతో చుట్ట వెలిగించాడు."

కార్ఖానాలో అన్సెల్ము, బిషపు భవనం బంట్రోతుకి వాడిన, గీతల వెంట సూదిబెజ్జాలు పొడిచిన నమూనా కాగితం తీసిచ్చాడు. "చెయ్యంటే చెయ్యేగా. ఏ బంట్రోతుదైతేనేం?"

ఇంకా కాల్చని గాజుపూత ఆరిన పలకల మీద కాగితం పరిచి, బొగ్గుపొడి మూట అద్ది, పడ్డ చుక్కల వెంట ఫెలిజ్మీనా నీలం పెట్టింది. ఆ పూత రంగుని తాగేస్తుంది, తుడవడం ఉండదు. కొలిమిలోంచి చెయ్యి నాజూగ్గా వచ్చింది. సున్నంతో గోడకి అతికించగానే మేనల్లుడు బెర్నార్దు టోపీ సర్దుకుని గబగబా ఎక్కేశాడు. ఫెలిజ్మీనా కాలు లేవలేదు. రొట్టెలమ్మే ఆవిడ కాలూ లేవలేదు. బిషపు గుమ్మానికి వచ్చేది గొప్పవాళ్లే. ఆ చేతికి ఇంకెవరినీ పిలవడం తెలీదు.

"ఒక్కదానివీ ఎన్నాళ్లుంటావత్తా?" పైన బెర్నార్దు గొంతు. "ఆదివారం కాగితాలు తెస్తా. సంతకం పెట్టెయ్."



అతను వెళ్లగానే ఫెలిజ్మీనా తడి ఆరని సున్నంలోంచి ఆ చేతిని ఉలితో ఊడదీసింది. కార్ఖానాకొచ్చి కాగితం మీద తన ఎడమచెయ్యి ఆనించి చుట్టూ గీసింది. కాగితం తిరగేస్తే అదే కుడిచెయ్యి. వంకర చిటికెనవేలు, బొటనవేలి మీద కొలిమి మచ్చ, ఏదీ వదలకుండా సూదితో పొడిచింది.

అన్సెల్ము నవ్వాడు. "ఇదేం చెయ్యే? అంట్లు తోమే చెయ్యిలా ఉంది."

"తోముతుంది కూడా."

శనివారం సాయంత్రం, కొలిమిలో కాలి వచ్చిన ఆ చేతిని గోడకి అతికించి, మొదటి మెట్టు మీదికి కాలెత్తబోయింది. లేచింది. అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. ఎవరైనా పిలిస్తే ఎలా వెళ్లాలో ఆమెకి గుర్తు లేదు. పైన గియొమార్ దుమ్ము దులిపి రెండో కంచం బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడ్డాక కదిలింది.

ఆదివారం బెర్నార్దు హోటలువాళ్లని వెంటబెట్టుకొచ్చాడు. రొట్టెలమ్మే ఆవిడ అతని పక్కనుంచే గంపతో ఎక్కిపోయింది. అతని బూటు మాత్రం నేలకి అంటుకుపోయింది.

"అత్తా! కాగితాలు తెచ్చాను, దిగిరా."

కిటికీలోంచి బుట్ట దిగింది.

"అందులో వెయ్యి బాబూ. పొయ్యి అంటించాలి. భోజనానికి మనుషులొచ్చారు."