జంపక్క వాంగ్మూలం

సోమవారం భద్రాచలంలో పోడు పట్టాల హియరింగ్. శుక్రవారం పొద్దున బూర్గంపాడులోని తమ సంస్థ ఆఫీసులో కళావతి కొత్త ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి, నల్లటి తెరమీద కమాండ్ కొట్టింది. తాళం వేసిన ఫైలు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. ‘డీక్రిప్షన్ ఫెయిల్డ్, నో సీక్రెట్ కీ’ అని, తాళం తీసే కీ లేదంటూ, ఒక్క వరుస వచ్చి ఆగింది. అక్షరం తప్పు పడిందేమోనని మళ్లీ కొట్టింది. నాలుగోసారీ అదే వరుస వచ్చింది.

ఆ ఫైల్లో ఉన్నది జంపక్క గొంతు. ఎనభై దాటిన మనిషి. అడవి కొట్టి సాగుచేసుకుంటున్న ఊరి పోడు భూములకు అన్ని దిక్కులా హద్దులు తెలిసినవాళ్లలో ఆమే ఆఖరు. ఎవరి తాత ఎక్కడ మొదట నాగలి కట్టాడో, ఏ ఏడు ఏ చెలకలో జొన్న వేశారో మే నెలలో ఓ మధ్యాహ్నం గంటన్నరసేపు కోయ భాషలో చెప్పింది. పట్టాలకు ఊరి పెద్దల వాంగ్మూలం ముఖ్యం. కళావతిదీ కోయ ఇల్లే గనక, దాన్ని విని తెలుగులో రాసిపెట్టే పని ఆమెకు అప్పజెప్పారు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ గడిపేసింది.

తాళం వేయడం నేర్పింది సంస్థ లాయరు రామ్‌చందర్. అంతకుముందు వేరే ఊళ్లో సాక్ష్యం చెప్పినవాళ్ల పేర్లు బయటికి పొక్కి, ఎవరో ఇళ్లమీదికొచ్చి బెదిరించిపోయారు. అప్పటినుంచి ప్రతి రికార్డింగునూ కమాండ్ లైన్లో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అసలు ఫైలు తుడిచేయాలని నియమం పెట్టుకున్నారు. తాళం వేసే కీ వేరు, తీసే కీ వేరు. తీసే కీ ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటుంది కాబట్టి, దానికి కాపీ తీసి ఇంకోచోట దాచమని ఆయన రెండుసార్లు చెప్పాడు. వారం తర్వాత అడిగితే “దాచిన సార్” అంది. దాచలేదు. మాట పడాల్సి వస్తుందని అప్పటికి అలా అనేసింది. సాయంత్రం చేద్దామనుకుంది, మరిచిపోయింది.

జులైలో గోదారి ఆఫీసులోకి వచ్చింది. ల్యాప్‌టాప్ మూడు రోజులు బురదనీళ్లలో నానింది. పెన్‌డ్రైవ్ తన సంచిలోనే ఉందిగదా, అన్నీ భద్రమేననుకుంది కళావతి. కొత్త ల్యాప్‌టాప్ రావడానికి మూడు నెలలు పట్టింది. ఈలోపు, ఆగస్టులో, జంపక్క జ్వరమొచ్చి పోయింది.

ఆ శుక్రవారమే పాత ల్యాప్‌టాప్ డిస్క్‌ని గుడ్డలో చుట్టుకుని కళావతి ఖమ్మం బస్సెక్కింది. రిపేరు షాపు లాలు దాన్ని విప్పి, తుడిచి, రెండు గంటలు తంటాలు పడ్డాడు. లోపల టిక్కుటిక్కుమని చప్పుడొచ్చింది తప్ప ఒక్క ఫైలూ కనబడలేదు. ప్లేట్లు గీసుకుపోయినయి అక్కా, ఇక కాదన్నాడు.

“తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్ ఏదన్న ఉంటదా?” అని అడిగింది.

“ఉంటే అది తాళమెట్లయితది అక్కా?”

బస్టాండులో నిలబడి రామ్‌చందర్‌కు ఫోన్ చేసి, కాపీ తియ్యలేదని, అబద్ధమాడానని చెప్పింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు. “గోపాలుకు చెప్పు. నేను చెప్పను, నువ్వే పోయి చెప్పాలె” అన్నాడు.

గోపాలు జంపక్క కొడుకు. శనివారం కళావతి పోయేసరికి చేనుకు కంప కొడుతున్నాడు. ఆమె చెబుతుంటే చేతిలో కత్తి దించకుండానే విన్నాడు.

“అంటే అమ్మ గొంతు అండ్ల ఉన్నదా, పోయిందా?”

“ఉన్నది మామా. ఎవ్వరం వినలేం, గంతే.”

దినాలనాడే అందరికీ వినిపియ్యమని అడుగుదామనుకున్నానని, పనిలో ఉంటావేమోనని ఊకున్నానని అన్నాడు. ఆ రోజు అతను అడిగి ఉంటే ఫైలు తెరుచుకోదని అప్పుడే బయటపడేదని, వేరే ఆధారం వెతకడానికి రెండు నెలలు మిగిలేవని కళావతికి తట్టింది.

జంపక్క చెల్లెలు కన్నమ్మను పక్క ఊరికి ఇచ్చారు. ఆమెనైనా అడుగుదామని ఇద్దరూ నడిచిపోయారు. డెబ్బయ్యైదేళ్ల కన్నమ్మ కర్ర పట్టుకుని వాళ్లవెంట వచ్చి గుట్ట వైపూ, బండ్లబాట వైపూ హద్దులు చూపించింది. వాగు దిక్కు మాత్రం తనకు తెల్వదంది. ఆ పోడు కొట్టింది తన పెళ్లయి వెళ్లిపోయిన తర్వాతట. కళావతి అక్కడే నేలమీద కూర్చుని, ఒక్కో మాటా కాగితంమీద రాసి, కోయలో చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంది.

సోమవారం హియరింగ్‌లో పట్టాల కమిటీ ఆ కాగితం తీసుకుంది. రెండు దిక్కుల కుటుంబాల క్లెయిములు ముందుకు కదిలాయి. వాగు వైపు ఆరు కుటుంబాలవి ఆధారం లేదని పక్కన పెట్టారు. అందులో గోపాలుది ఒకటి. అర్జీలో రాసిన రికార్డింగు ఏదని కమిటీ అధికారులు అడిగినప్పుడు, తన తప్పువల్లే పోయిందని కళావతి అందరిముందూ చెప్పింది. ఆ మాట రాసుకోవాలా అని వాళ్లలో వాళ్లు కాసేపు మాట్లాడుకుని, రాసుకోలేదు.

బయటికొచ్చాక గోపాలు అడిగాడు, మళ్లీ ఎప్పుడు పిలుస్తరని.

“తెల్వదు మామా.”

బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. గోపాలు దాన్ని చూసి కూడా వెనక్కిపోయి, కమ్మీ పట్టుకుని ఊరిదాకా నిలబడే వచ్చాడు.