జెల్లీ మీద అడుగులు

చిట్టి కళ్లకి ముందు కనబడింది, సంగతి బుర్రకి తర్వాత ఎక్కింది. లైట్ల గదిలో, మూడో అరలో ఒక సీసా. అడుగున గడ్డకట్టిన జెల్లీ, అందులో వేలెడంత మొలక. మొలక పచ్చగానే ఉంది. కానీ జెల్లీ మీద, అంచు నుంచి మొలక దాకా, వరసగా తెల్లటి చుక్కలు. ఎవరో నడిచి వెళ్లినట్టు.

నడిచే వెళ్లింది. బయట మొక్కల మీద బతికే, కంటికి ఆనని నల్లి. మూత సందులోంచి దూరి, కాళ్లకంటిన బూజుని అడుగడుగునా నాటుకుంటూ పోతుంది మహాతల్లి. ఇలా సీసాల్లో మొక్కలు పెంచే టిష్యూకల్చర్ గదుల్లో పనిచేసేవాళ్లకి పాము కనబడినా ఇంత గుండె జారదు.

పక్క సీసాలోకి వంగి చూసింది. అందులోనూ చుక్కలే.

మామూలుగా అయితే కాసేపు ఏడ్చి ఊరుకునేవాళ్లు. తల్లిచెట్టు ఉంటుందిగా, ఇంకో చిగురు తెచ్చుకోవచ్చు. ఆయాసం తగ్గించే బెరడని జనం ఎగబడి చెక్కేయగా మిగిలిన చిట్టచివరి చెట్టు ఈ మొలకల తల్లి. అదికాస్తా మొన్నటి గాలివానకి కూలి ఎండిపోయింది. ఇక ఆ జాతి అంటూ ఉంటే ఈ గదిలోనే, ఈ సీసాల్లోనే.

"అక్కా!" చిట్టి కేకేసింది.

ల్యాబు నడిపేది చిట్టి సొంత అక్కే. వచ్చి, ఒక్క చూపు చూసి, గోడకి ఆనుకుంది.

"తోటలోంచి తిన్నగా ఇటొచ్చావా?"

ఇక్కడి కట్టుబాటు ఒక్కటే. పొద్దున గది, ఆ తర్వాతే తోట. బయట మొక్కని ముట్టుకున్నవాళ్లు తలస్నానం చేసి బట్టలు మార్చందే ఈ గడప తొక్కకూడదు. కొత్తవాళ్లకి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేది చిట్టే.

"చెట్టు కూలిందన్న రోజు దాని దగ్గరికి పరిగెత్తానక్కా. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అట్నుంచటే ఇక్కడికొచ్చేశాను. ఇవైనా ఉన్నాయో లేదోనని భయమేసింది."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండునని చిట్టికి అనిపించింది.

"సర్లే, ఏడవకు. నువ్వు చెయ్యి పెట్టినవన్నీ మూత తీయకుండా, నల్లీ బూజూ చచ్చేలా ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టేద్దాం. పెట్టనివి ఇప్పుడే పై గదికి మార్చేద్దాం. నాలుగు మిగిలినా చాలే, మళ్లీ పెంచుకుంటాం. ఏవేవి ముట్టుకున్నావ్?"

చిట్టి అరల వంక చూసింది.

"చెప్పవే!"

"ఒక్కొక్కటీ చేతుల్లోకి తీసుకుని చూసుకున్నానక్కా," అంది చిట్టి. "అన్నీ."