హన్నా తిన్న పూరీ

సింగపూర్ టోవా పాయోలో శ్రీలేఖ ఎదురింట్లో ఉండే మోజెల్ యూదురాలు. ఆమె కూతురు హన్నాకీ, శ్రీలేఖ కూతురు కీర్తికకీ బళ్లో ఒకే బెంచీ. పస్కా పండుగ వారంలో ఒక మధ్యాహ్నం మోజెల్ పనిమీద బయటికి వెళ్తూ పిల్లను శ్రీలేఖకు అప్పగించింది. "ఈ వారం పులిసిన పిండి మాకు కూడదు. దీని తిండి డబ్బాలో పెట్టాను" అని చెప్పింది.

వై టూ కే కంప్యూటర్ పనుల్లో పడి శ్రీలేఖ మొగుడు ఇంటిమొహం చూడని రోజులవి. ఆమెకు వంటే కాలక్షేపం. ఆ పూట పూరీలు వేసింది. పొంగని ఎండురొట్టె కొరుకుతూ హన్నా కీర్తిక పళ్లెం వైపు చూస్తుంటే శ్రీలేఖ చూడలేకపోయింది. ఒక పళ్లెం హన్నా ముందూ పెట్టింది.

"పిండి ఎప్పుడు కలిపారాంటీ?" అంది హన్నా.

"ఎప్పుడైతేనేంలేమ్మా, ఈస్ట్ లేదుగా. మీ రొట్టెలాగే, పిండీ నీళ్లూ అంతే. తిను."

అన్నీ తెలిసిన పెద్దమనిషిలా చెప్పేసింది. హన్నా తినేసింది.

పండుగ వెళ్లాక తల్లీకూతుళ్లు ఖర్జూరం బిస్కెట్లు పట్టుకొచ్చారు. "ఈ ఏడే దీనికి మా నియమాలు నేర్పాను" అంది మోజెల్ మురిసిపోతూ. "పిండి తడిపితే వెంటనే కాల్చాలి. నానితే దానంతటదే పులుస్తుంది. ఒక్క తప్పూ చెయ్యలేదు నా తల్లి."

శ్రీలేఖకు తన పూరీలు గుర్తొచ్చాయి. ఆ రోజు తాను పిండిమీద తడిగుడ్డ కప్పి గంటసేపు నానబెట్టింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పసిదాని సంబరం మట్టిపాలు, ఆపైన పిల్లను మళ్లీ తన ఇంటికి పంపుతారో లేదో. అయినా దొంగకు తేలు కుట్టినట్టు నిలబడటం ఆమె వల్ల కాలేదు.

"మోజెల్, ఆ రోజు హన్నాకు నానిన పిండితో పూరీలు చేసి పెట్టాను. తప్పు నాది, సారీ."

మోజెల్ మొహం పాలిపోయింది. అయినా, "తెలియక తిన్న పిల్లకు దోషం లేదులే" అంది.

"నాకు తెలుసు మమ్మీ" అంది హన్నా, తల దించుకుని. "గిన్నె మీద తడిగుడ్డ చూశాను. కానీ ఆంటీ నాకోసం వేడిగా చేశారుగా. పెద్దవాళ్లని చిన్నబుచ్చితే పాపమని నువ్వే చెప్పావు కదా."

మోజెల్ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఏ నియమం తప్పావని తిట్టాలో ఆమెకు తోచలేదు. తన మర్యాద నిలపడానికి ఆ పసిది పండుగంతా తల్లిముందు దోషిలా తిరిగిందని శ్రీలేఖకు అప్పుడు అర్థమైంది. హన్నా ఆమెవైపు చూసి, "కోపమా ఆంటీ?" అని అడిగింది.