నేను క్రిస్టీనాని కాదు

"ఆదివారం నుంచి డ్యూటీకి వెళ్లిపో రెబెక్కా, అడిగేవాళ్లెవరు?" అన్నాడు యిర్మీయా. నేనప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను.

నాకు నవ్వొచ్చింది. ఉద్యోగంలో చేరతానని మొదటిసారి అడిగినప్పుడు "బ్లెస్సీ కొంచెం పెద్దదవ్వనీ" అన్నాడు. మా పాప బడికి వెళ్లడం మొదలుపెట్టాక "చూద్దాంలే" అన్నాడు. అలాంటి మనిషి ఇవాళ నన్ను వెనక నుంచి తోస్తున్నాడు. సంతోషించాలి కదా. సంతోషంగానే ఉంది కూడా. కానీ ఆ "అడిగేవాళ్లెవరు" అన్న మాటే ఎక్కడో గుచ్చుకుంది.

అంతకుముందే జైనాబక్క ఫోన్ చేసింది. ఆమెది వరంగల్. ఈ అరబ్బు దేశంలో మేముండే మలాజ్ పేటలోనే, రెండు వీధుల అవతల ఒక ప్రైవేటు క్లినిక్‌లో హెడ్ నర్సు. పిల్లల విభాగంలో పనిచేసే క్రిస్టీనా అనే అమ్మాయి ఉన్నట్టుండి మానేసి వెళ్లిపోయిందట. "ఆదివారం వచ్చెయ్ చెల్లె. కాయితాలు తర్వాత చూస్కుందాం. ముందుగాల వచ్చి నిలబడు, నా నడుం పడిపోతున్నది" అంది.

నా దగ్గర దాదాపు అన్నీ ఉన్నాయి. ఇక్కడి నర్సుల పరీక్ష పాసయ్యాను. చదివిన కాలేజీ నుంచి, ఏలూరులో పనిచేసిన ఆసుపత్రి నుంచి నిర్ధారణలు వచ్చాయి. మధ్యలో పని మానేసినందుకు మళ్లీ శిక్షణ చేయమంటే అదీ చేశాను. మిగిలింది ఒక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు. భార్యగా వచ్చినదాన్ని కాబట్టి అది యిర్మీయా పేరు మీద ఉంది. పని చేయడానికి అనుమతి లేదని కార్డు మీదే అరబ్బీలో రాసి ఉంటుంది. ఆ కార్డు తీసుకెళ్లి వంటింట్లో స్టవ్ పైన అతికిద్దామని చాలాసార్లు అనిపించేది.

ఇంట్లో ఉన్నంత మాత్రాన నేను నర్సు పని మానింది కూడా లేదు. మా బిల్డింగులో తెలుగువాళ్ల పిల్లలకు జ్వరమొస్తే ముందు నా తలుపే కొడతారు. రిపోర్టు అర్థం కాకపోతే వాట్సాప్‌లో నాకే పంపుతారు. ఎవరి అత్తగారికి షుగర్ పెరిగినా, ఎవరి చంటిది పాలు కక్కినా "మన రెబెక్కా ఉందిగా". శుక్రవారాలు స్నేహితులంతా ఒకరింట్లో కలిసినప్పుడు మగవాళ్లు ఆఫీసుల గురించి మాట్లాడుకుంటుంటే, నేను ఎవరి మోకాలి పుండుకో కట్టు మార్చి, చేతులు కడుక్కుని, బిర్యానీ వడ్డించేదాన్ని. కొత్తవాళ్లెవరైనా "మీ మిసెస్ ఏం చేస్తారండీ" అని అడిగితే యిర్మీయా నాకేసి చూసి నవ్వి, "ఏం లేదండి, ఇంట్లో ఖాళీయే" అనేవాడు. అత్తయ్యైతే భీమవరం నుంచి వీడియో కాల్‌లో "హాయిగా సోఫాలో కూర్చుని ఒళ్లు చేశావే" అనేది. ఆమెకు నేనెప్పుడూ సోఫాలోనే కనిపించేదాన్ని మరి. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళితే "ఆ పొగలో మొహం కనబడట్లేదు, హాల్లోకి రా" అనేది.

"ఇఖామా మార్చుకుని చేరతానండి" అన్నాను, చొక్కా చేతికిస్తూ.

"అదెందుకిప్పుడు? మార్చితే నా పేరు మీంచి క్లినిక్ పేరు మీదికి వెళ్లిపోతావు. ఊరికెళ్లాలన్నా వాళ్లే ఒప్పుకోవాలి. ఇప్పుడైతే నా ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే చాలు."

ఆ ఒక్క నొక్కు సంగతి నాకు తెలుసు. మా తమ్ముడి పెళ్లికి నేను బయల్దేరాల్సినప్పుడు ఆఫీసులో పనుందని, మర్చిపోయానని, రేపని వాయిదా వేశాడు. ఆఖరికి నేను పట్టుచీరతోనే విమానం దిగి నేరుగా చర్చికి పరిగెత్తాను. యిర్మీయా చెడ్డవాడు కాదు. అతనికి అది ఒక్క నొక్కు, అంతే.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"మీ మీదుందండి. తనిఖీకి వచ్చేవాళ్ల మీదే లేదు. దొరికితే విమానం ఎక్కించేది నన్ను కదా."

"నీకు కాగితాల పిచ్చి" అని గదిలోకి వెళ్లిపోయాడు.

ఆదివారం బ్లెస్సీని బడికి పంపి క్లినిక్‌కి వెళ్లాను. చేరడానికి కాదు, మాట్లాడి వద్దామని. అలా అనుకుంటూనే యూనిఫాం ఇస్త్రీ చేసి బ్యాగులో పెట్టుకున్నాను. ఏలూరు నాటి తెల్లబూట్లు కూడా పెట్టుకున్నాను. మనసైతే ఎప్పుడో చేరిపోయింది.

పిల్లల విభాగం రెండో అంతస్తులో ఉంది. మెట్ల దగ్గరికే ఏడుపులు వినిపిస్తున్నాయి. జైనాబక్క చంకలో ఒక బిడ్డ, చేతిలో థర్మామీటరు. నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. జేబులోంచి బ్యాడ్జీ తీసి నా మెడలో వేసింది. దాని మీద క్రిస్టీనా అని పేరు, పక్కన గుండ్రటి మొహంతో నవ్వుతున్న అమ్మాయి ఫోటో.

"నీది వచ్చేదాంక ఇది ఏస్కో. మాస్కు పెట్టుకుంటే ఎవ్వరు గుర్తుపడ్తరు? తనిఖీకి వచ్చినోళ్లు బ్యాడ్జీ చూస్తరు, పోతరు."

ఆ అమ్మాయి నవ్వు బాగుంది. కానీ అది నాది కాదు. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నేను యిర్మీయాగారి మిసెస్‌ని, బ్లెస్సీ వాళ్లమ్మని. ఇప్పుడు ఇంటి గడప దాటి, ఇన్నాళ్లకు నా పని నేను చేసుకోబోతుంటే, అక్కడా ఇంకొకరి పేరేనా? కుక్కరు విజిళ్ల మధ్య, బ్లెస్సీ నిద్రపోయే మధ్యాహ్నాల్లో మందుల డోసులు లెక్కలు కట్టి చదివింది నేను. పరీక్ష హాల్లో కూర్చున్నది నేను. పొరపాటున ఒక బిడ్డకు మందు వికటిస్తే జవాబు చెప్పాల్సిందీ నేనే. అప్పుడు ఈ నవ్వే అమ్మాయిని ఎక్కడని వెతకను?

బ్యాడ్జీ తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది వద్దక్కా. నా పేరుతో రమ్మన్న రోజున వచ్చి చేస్తాను."

"మరి గిప్పుడు నేనొక్కదాన్నే ఏం చెయ్యాలె?"

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. వెళితే మళ్లీ "చూద్దాంలే" మొదలవుతుంది. "మేనేజర్‌గారు వచ్చేదాకా కూర్చుంటాను" అని వెళ్లి రోగుల కుర్చీల్లో కూర్చున్నాను.

అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. ఎదురుగా ఒక పిల్లాడి కట్టు వదులై జారిపోతోంది. ఇంకొకరి బిడ్డకు జ్వరంతో బుగ్గలు ఎర్రబడ్డాయి, నుదుటి మీద చెయ్యి వేయాలని వేళ్లు లాగేస్తున్నాయి. నా పక్కన కూర్చున్న ఈజిప్టు తల్లి ఏదో చెప్పి, తన పాపను నా ఒళ్లో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఒళ్లో పాపను ఆడించడానికి ఏ దేశంలోనూ అనుమతి అక్కర్లేదు కాబట్టి మనసారా ఆడించాను.

మధ్యాహ్నం కాబోతుండగా ముదీర్ వచ్చాడు. మేనేజర్‌ని ఇక్కడ అలాగే అంటారు. పొద్దుటి నుంచి కూర్చునే ఉన్న నన్ను చూపిస్తూ జైనాబక్కను ఏదో అడిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"అనా రెబెక్కా. మూ క్రిస్టీనా" అన్నాను. నేను రెబెక్కాని, క్రిస్టీనాని కాదు. నాకు వచ్చిన అరబ్బీ అక్కడితో అయిపోయింది.

జైనాబక్క చేతిలోని బ్యాడ్జీ చూసుకుంది, నన్ను చూసింది. తర్వాత ముదీర్ వైపు తిరిగి గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. అతను మొదట కనుబొమలు ముడిచాడు. తర్వాత నవ్వాడు. ఆమె ఏమందో నాకు ఆనక చెప్పింది: "ఈ పిల్ల అన్ని పరీక్షలు పాసైంది, ఇంకోళ్ల పేరుతోని చెయ్యనంటున్నది, న్యాయమే కదా అన్న. రిక్వెస్టు ఇయ్యాల్నే పంపుండ్రి, లేకుంటే రేపటి సంది నేను గూడ ఆ కుర్చీలనే కూసుంట అన్న."

ముదీర్ ఆఫీసు కాగితాలు చూసే మనిషిని పిలిచాడు. నా కార్డు తీసుకున్నారు. "మీ ఆయన ఒప్పుకోవాలె, ఆయన ఫోన్‌కు వస్తది" అంది అక్క.

"పంపించమనండి. ఆయనతో నేను మాట్లాడుకుంటాను" అన్నాను.

నేనింకా మెట్లు దిగుతుండగానే యిర్మీయా ఫోన్ చేశాడు. "రెబెక్కా, నాకేదో వచ్చింది. నువ్వు నా దగ్గర్నుంచి బదిలీ అయిపోతున్నట్టు రాసుంది." అతని గొంతులో అంత భయం అంతకుముందెప్పుడూ వినలేదు.

"ఇంటికి రండి, చెబుతాను."

సాయంత్రం టీ ఇచ్చి బ్యాడ్జీ సంగతి చెప్పాను. "నాలుగు రోజులేగా, వేసుకుంటే ఏం పోయేది?" అన్నాడు. పక్కనే బొమ్మలకు రంగులేసుకుంటున్న బ్లెస్సీకి హాయిల్ కథ చెప్పమని అతన్నే అడిగాను.

మా పెళ్లికి ముందు యిర్మీయా ఈ దేశంలోనే హాయిల్ అనే ఊళ్లో ఉండేవాడు. వచ్చింది పొలం పని వీసా మీద, చేసింది కూరగాయల దుకాణంలో లెక్కలు రాసే పని. తనిఖీవాళ్లు వస్తున్నారంటే ఉల్లిపాయల బస్తాల వెనక దాక్కునేవాడట. అది చెబుతుంటే స్నేహితులు పొట్ట పట్టుకుని నవ్వుతారు. బ్లెస్సీకి కూడా అలాగే హుషారుగా మొదలుపెట్టాడు. కళ్లంట నీళ్లు కారిపోతుంటే తుమ్ము ఆపుకోవడం దాకా వచ్చాడు.

"ఎందుకు దాక్కున్నావు నాన్నా? దొంగతనం చేశావా?" అంది బ్లెస్సీ.

"లేదమ్మా. పనే చేశాను."

"మరి?"

ఎన్నోసార్లు చెప్పిన కథే, మొదటిసారి నవ్వు రాకుండా ఆగిపోయింది.

"నన్ను ఏ బస్తాల వెనక దాక్కోమంటారు?" అన్నాను, మెల్లగానే.

యిర్మీయా టీ కప్పు పక్కన పెట్టాడు. "నువ్వు నా పేరు మీద ఉంటే నాకదొక ధైర్యం రెబెక్కా" అన్నాడు.

"పేరు మీద లేకపోయినా ఇంట్లోనే ఉంటానండి. సాయంత్రం డ్యూటీ పడిన రోజున మాత్రం బ్లెస్సీకి మీరే వండి పెట్టాలి."

"నాకు పప్పు ఒక్కటే వచ్చు."

"పప్పైతే నేను తినను" అంది బ్లెస్సీ. ముగ్గురం నవ్వేశాం. ఆ నవ్వు మీదే ఫోన్ తీసి ఒప్పుకున్నాడు. కాసేపటికి కాంట్రాక్టు నా ఫోన్‌కి వచ్చింది. ఒప్పుకోవాల్సిన చోట ఈసారి నా వేలు పెట్టాను.

కొన్ని రోజులకు వచ్చిన కొత్త ఇఖామా మీద క్లినిక్ పేరుంది. అదీ ఇంకొకరి పేరేనని నాకు తెలియక కాదు. కానీ వృత్తి అన్నచోట నర్సు అని ఉంది. బ్యాడ్జీకి ఫోటో తీసేవాడు నవ్వొద్దన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. రెండుసార్లు తీసి విసిగిపోయి అదే ఉంచేశాడు.

చేరిన మొదటి రోజే అత్తయ్య ఫోన్ చేసింది. పక్కింటివాళ్లకు కూడా వినిపించేలా స్పీకరు పెట్టిందని అర్థమైంది.

"అయితే ఇప్పుడు నువ్వు ఎవరి కింద ఉన్నట్టే అమ్మాయ్? మావాడి కిందా, ఆ అరబ్బు కిందా?"

"రెండో అంతస్తులో ఉన్నానత్తయ్యా. ఇక్కడొక బాబు సూది చూసి ఏడుస్తున్నాడు, నేను వెళ్లాలి" అని ఫోన్ పెట్టేశాను.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె కంటే ముందు నేను ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.